గీజరు అలిగిందా?

చలికాలం పొద్దున్నే గీజరు వేసి అరగంటైనా నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయా? కొత్తది కొనేముందు ఒక్క నిమిషం! థర్మోస్టాట్‌ను ఎవరైనా తగ్గించారేమో చూడండి. అది సరిగ్గానే ఉంటే బోరు నీళ్లను అనుమానించాల్సిందే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి తెల్లటి పెచ్చులా ఎలిమెంటుకు పట్టేస్తాయి. దాంతో నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, ఎలిమెంటు త్వరగా కాలిపోతుంది. లోపల గరగర చప్పుడు వస్తోందంటే పెచ్చు బాగా పట్టిందనుకోవచ్చు. ఏడాదికోసారి, చలి మొదలవకముందే మెకానిక్‌తో ట్యాంకు కడిగించండి.

నీళ్లు తగిలితే చెయ్యి జివ్వుమంటోందా? అది మాత్రం ఆషామాషీ కాదు. పొడి చేత్తో మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎలిమెంటు, ఎర్తింగ్ చూపించేదాకా ఆ గీజరు వేయొద్దు. ఎంత మంచి గీజరైనా సరే, స్విచ్ ఆపాకే పిల్లల్ని స్నానానికి పంపండి.