రాజధాని లేఖ: మరమ్మతు చేసే చేతికి లెక్క ఏదీ?

వంతెన ప్రారంభమైనప్పుడు శిలాఫలకంపై మంత్రుల పేర్లు చెక్కుతారు. తాపీ పనివారి శ్రమను ఉపన్యాసాలలోనైనా తలచుకుంటారు. కాని మట్టి తవ్విన ప్రొక్లెయిన్‌ను, కంకర మోసిన టిప్పర్‌ను నడిచే స్థితిలో ఉంచిన మెకానిక్ ఎవరికీ గుర్తు రాడు. ప్రభుత్వ లెక్కలలోనూ అతనికి చోటు దొరకకపోవడం అంతకన్న పెద్ద అన్యాయం.

ఢిల్లీలోని సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లో ఇటువంటివారిని నేను అనేకమందిని చూశాను. విజయవాడ ఆటోనగర్ ఎరిగిన పాఠకులకు ఆ దృశ్యం కొత్త కాదు. చిన్ననాడే ఉస్తాదు వద్ద చేరి, స్పానర్లు అందిస్తూ విద్య నేర్చినవారు వీరిలో ఎందరో. యంత్రం ఆగిన చోటికి వెళ్లడమే వృత్తి. నేడు ఒక కంట్రాక్టరు పని, రేపు మరొకరిది. పైకి లేపిన టిప్పర్ తొట్టి కింద దూరినప్పుడు ఉక్కు ఊత పెట్టకపోతే, హైడ్రాలిక్ గొట్టం పగిలిన మరుక్షణం తొట్టి మీద పడుతుంది. ఆ కుటుంబానికి దిక్కెవరు?

చట్టం వీరిని కాదనలేదు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల గురించిన 1996 నాటి చట్టం సాంకేతిక పని చేసేవారిని కూడా కార్మికులుగానే నిర్వచించింది. అయితే 12 నెలలలో 90 రోజులు నిర్మాణంలో పనిచేసినవారికే నమోదు అర్హత. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ నిబంధననే కొనసాగించింది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. యంత్ర యజమాని పిలిపించిన మనిషి తనవాడు కాడని కంట్రాక్టరు అంటాడు. బండి అద్దెకిచ్చాను గాని నిర్మాణం నాది కాదని యజమాని అంటాడు. ఇక ఆ 90 రోజులకు సాక్ష్యం చెప్పేదెవరు?

నిధులు లేవనడానికి వీలులేదు. నిర్మాణ వ్యయంపై వసూలైన సెస్సు 37,400 కోట్ల రూపాయలకు మించగా, ఖర్చయినది సుమారు 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. సొమ్ము మూలుగుతుండగా అర్హులు బయట నిలబడవలసి రావడం పాలకులకు గౌరవం కాదు.

పరిష్కారం కష్టమైనది కాదు. ప్రతి నిర్మాణ స్థలంలోనూ యంత్రాల మరమ్మతు పుస్తకం ఉంచి, మెకానిక్ పేరు, తేదీ అందులో రాయించాలి. ఆ పుస్తకాన్నే 90 రోజుల పనికి రుజువుగా సంక్షేమ మండళ్లు అంగీకరించాలి. పార్లమెంటులో మన సభ్యులు ఈ ప్రశ్న లేవనెత్తాలి. ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాలూ చొరవ చూపితే, ఈ విషయంలో ఢిల్లీయే మనవద్ద పాఠం నేర్చుకుంటుంది.