నిలబడని ట్రైపాడ్ ఎవరి కోసం?

కొత్తగా కెమెరా కొనేవాళ్ళ జేబులు పట్టపగలే కొల్లగొడుతున్నారు. కెమెరా ధర దగ్గర కాదు, దాని పక్కన పెట్టి అంటగట్టే సరుకు దగ్గర. ఆన్‌లైన్‌లో వెతికినా, దుకాణం మెట్లెక్కినా ఒకటే వరస. ట్రైపాడ్, బ్యాగు, యూవీ ఫిల్టరు, క్లీనింగ్ కిట్, మెమొరీ కార్డు, అన్నీ కలిపి కాంబో ఆఫర్. యూరియా బస్తా కోసం వచ్చిన రైతుకు అక్కర్లేని మందు డబ్బా లంకె పెట్టి అమ్మే పద్ధతే ఇది. రైతు తరఫున అడగడానికి ఎవరో ఒకరు గొంతెత్తుతారు. ఈఎంఐ మీద మొదటి కెమెరా తెచ్చుకునే డిగ్రీ కుర్రాడి తరఫున, ఇంటి ఖర్చుల్లో మిగిల్చి కొనుక్కునే ఇల్లాలి తరఫున అడిగేవాళ్ళు లేరు. అందుకే నేను అడుగుతున్నాను.

ఆ 'ఫ్రీ' ట్రైపాడ్‌ను ముందు చేత్తో పట్టి చూడండి. రేకులాంటి అల్యూమినియం కాళ్ళు, ప్లాస్టిక్ హెడ్డు, పిడి తిప్పితే పైకి లేచే సెంటర్ కాలమ్. కెమెరా బిగించి, పూర్తి ఎత్తుకు లేపి, లైవ్ వ్యూలో బొమ్మను బాగా పెద్దది చేసి, హెడ్డు మీద వేలితో ఒక్కసారి తట్టండి. ఆ ఊగుడు ఎప్పటికి ఆగుతుందో మీ కంటికే తెలుస్తుంది. వేలి దెబ్బకే అంతసేపు ఊగేది విశాఖ బీచ్ గాలికి ఏం నిలుస్తుంది? ట్రైపాడ్‌కు ఉన్నది ఒక్కటే పని, కదలకుండా నిలబడటం. ఆ పని చేతకాని వస్తువును ఊరికే ఇచ్చినా నష్టమే. దాని మీద తీసిన ఫోటో మసకగా వస్తే, నేర్చుకునే మనిషి తప్పు వస్తువుది అనుకోడు, తనకు చేతకాలేదనుకుంటాడు. కెమెరా బీరువాలోకి పోతుంది. డబ్బు పోవడం కన్నా నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

పెట్టె మీద అచ్చేసే బరువు అంకె మరో మాయ. ఇన్ని కిలోలు మోస్తుందని రాస్తారు. విరక్కుండా మోయడం వేరు, వణక్కుండా పట్టుకోవడం వేరు. ఆ అంకె కట్టడానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న ఉమ్మడి పరీక్ష లేదు. ఎవరి లెక్క వాళ్ళది. కాబట్టి ఒక కంపెనీ అంకెను మరో కంపెనీ అంకెతో పోల్చి కొనడం దండగ.

అసలు మొదటి రోజే ట్రైపాడ్ ఎందుకు? ఆరో నిజాం కాలంలో హైదరాబాద్‌ను కెమెరాకెక్కించిన రాజా దీన్ దయాళ్‌కు అది తప్పనిసరి. ఆయనవి గాజు ప్లేట్లు పెట్టే పెద్ద కెమెరాలు, చేత్తో పట్టుకుని తీసేవి కావు. మీ చేతిలోది అలాంటిది కాదు. 50 ఎంఎం లెన్స్‌తో సెకనులో 50వ వంతు, ఏపీఎస్-సీ సెన్సరు అయితే 80వ వంతు వేగం ఉంటే మామూలు చేతికి వణుకు తెలియదన్నది పాత లెక్క. ఇప్పుడు లెన్సుల్లో, కెమెరాల్లో వచ్చిన స్టెబిలైజేషన్‌తో ఇంకా నెమ్మదిగానూ తీయవచ్చు. బతుకమ్మ ఆడే ఆడవాళ్ళను, సంతలో బేరాలను, పరుగెత్తే పిల్లలను తీయడానికి ట్రైపాడ్ అడ్డమే. ఎదుటి మనిషి కదలికను ఏ ట్రైపాడూ ఆపలేదు. దానికి కావలసింది షట్టరు వేగం.

ట్రైపాడ్ లేనిదే జరగని పనులు ఉన్నాయి. కుంటాల జలపాతం నీటిని పట్టుబట్టలా చూపాలంటే షట్టరు అర సెకనో, అంతకు మించో తెరిచి ఉండాలి. నక్షత్రాలకు 15, 20 సెకన్లు కావాలి. ఆ కోరిక పుట్టిన రోజున కొనండి. ఇంకో మాట, అమ్మేవాళ్ళు చెప్పనిది: గోల్కొండ, చార్మినార్, లేపాక్షి, రామప్ప వంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ వేయాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసినవి చెబుతాను. సెంటర్ కాలమ్ లేపకుండానే కెమెరా మీ మెడ దాకైనా రావాలి. ఆ కాలమ్ ఎంత లేస్తే అంత ఊగుతుంది. అన్నిటికన్నా కింది కాలి ముక్క ఎంత లావుందో చూడండి, బలహీనత అక్కడే బయటపడుతుంది. హెడ్డు విప్పదీయడానికి వీలుండాలి, అప్పుడు రేపు హెడ్డు పాడైనా కాళ్ళు మిగులుతాయి. ప్లేటు ఆర్కా-స్విస్ రకమైతే ఇతర కంపెనీల అదే రకం హెడ్డులకూ సరిపోతుంది. షట్టరు నొక్కడానికి రిమోట్ కొనక్కర్లేదు, కెమెరాలో 2 సెకన్ల టైమర్ ఉంది.

మంచిది ఖరీదు కదా అంటారు. నిజమే. అందుకే పాతది కొనమంటాను. ట్రైపాడ్ కాళ్ళలో సర్క్యూట్లు లేవు, ఏటేటా కొత్త మోడల్ వచ్చినంత మాత్రాన అవి పాతబడిపోవు. మూసేసిన స్టూడియోల బరువైన ఇనుప కాళ్ళు ఈ కాంబో పుల్లల కన్నా వెయ్యి రెట్లు నయం. అదీ కుదరకపోతే గుడ్డ సంచిలో కిలో శనగలు పోసి మూతి కుట్టండి. ఉప్పలపాడులో, కొల్లేరులో పక్షులకు గురిపెట్టే పెద్ద లెన్స్‌ను కారు కిటికీ మీదో, గోడ మీదో అది గట్టిగా నిలబెడుతుంది.

కాంబోలో మిగతా సరుకూ ఇంతే. యూవీ ఫిల్టరు ఫిల్ము రోజుల అవసరం. డిజిటల్ సెన్సరు మీద యూవీ కిరణాలను ఆపే పొర ముందే ఉంటుంది. నాసిరకం గాజు బిగిస్తే రాత్రి వీధి దీపాలకు దయ్యపు నీడలు వస్తాయి. లెన్స్‌కు రక్ష కావాలంటే హుడ్ తొడగండి. మెమొరీ కార్డు మీద పెద్దగా కనిపించే అంకె చాలాసార్లు చదివే వేగం. మీకు కావలసింది రాసే వేగం, అంటే వీ30 గుర్తు, సెకనుకు కనీసం 30 ఎంబీ. నకిలీ కార్డులు తక్కువ స్థలాన్ని ఎక్కువగా చూపిస్తాయి. కొన్న రోజే పూర్తిగా నింపి, ఫైళ్ళు తెరిచి చూసుకోండి.

నిజంగా అవసరమైనది మాత్రం కాంబోలో ఉండదు. కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు తేమలో లెన్స్‌కు ఫంగస్ పడుతుంది. బ్యాగులో మూసిపెడితే మరీ త్వరగా. గాలి చొరని డబ్బా, సిలికా జెల్, తేమను చూపే చిన్న మీటరు ఉంటే చాలు, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోవచ్చు. వేల రూపాయల లెన్స్‌ను కాపాడే ఈ చవక సామాను గురించి చెప్పరెందుకు? దానిలో లాభం లేదు కాబట్టి.

వీడియోల్లో సమీక్షలు చెప్పే మిత్రులకూ ఒక మాట. కింద పెట్టిన లింకుతో మీకు కమిషన్ వస్తుంటే, ఆ సంగతి వీడియో మొదట్లోనే, తెలుగులోనే, నోరారా చెప్పండి. వస్తువు తీసుకుని, డబ్బు తీసుకుని, లాభం పొంది మెచ్చుకుంటే ఆ సంబంధాన్ని స్పష్టంగా బయటపెట్టాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మిమ్మల్ని నమ్మి కొనేవాళ్ళు మీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళ వయసు వాళ్ళు.

కొనబోయే మీకు చివరగా చెప్పేది ఇదే. కాంబో వద్దనండి. కెమెరాకు, లెన్స్‌కు, ఒక మంచి కార్డుకు మాత్రమే బిల్లు వేయమనండి. కొన్నాళ్ళు వాటితోనే తీయండి. ఏం తక్కువైందో మీ ఫోటోలే చెబుతాయి. అది మాత్రమే కొనండి, గట్టిది కొనండి, ఒక్కసారే కొనండి.