పంటయు పూటకూటియిల్లును

ఆర్మూరు చేరువనున్న అంకాపూరు విత్తనపు వ్యాపారమునకే గాక నాటుకోడి కూరకును పేరుపొందినది. అచట అడిగినవారికి అప్పటికప్పుడు కోడిని వండి అన్నముతో నిచ్చుచున్నారు. దూరప్రాంతములవారును దానికై వచ్చుచున్నారు. పచ్చిసరుకు నమ్మినవానికంటె వండిపెట్టినవానికి లాభ మెక్కువయని దీనివలన తెలియుచున్నది.

మనమో, పసుపు నుడికించి, యెండబెట్టి, కొమ్ములను నిజామాబాదు యార్డునకు పంపి, పలువురము పొడిని పొట్లములలో కొనుచున్నాము. ఎఱ్ఱజొన్న ఉత్తరాదికి పశుగ్రాసపు విత్తనముగా పోవుచున్నది. 2025 జనవరిలో నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు ఆరంభమైనది, సంతోషమే. కాని యెల్ల భారమును బోర్డుపై మోపి కూర్చుండరాదు.

సహకార సంఘము బాటప్రక్కన నొక పూటకూటియిల్లు పెట్టవలెను. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, నాటుకోడి కూర మన పసుపుతో వండి వేడిగా వడ్డింపవలెను. సరుకు సభ్యులయొద్దనే సరియైన తూకముతో కొని, నాడే వెల చెల్లింపవలెను. కాచిన నూనెను మరల కాచరాదు. జమాఖర్చులు నెలనెల గోడపై నంటింపవలెను.

ఒక్క పూటకూటియిల్లు మన పసుపునంతయు కొనజాలదు, నిజమే. అయినను కూరగాయలకు, కోళ్లకు, జొన్నలకు నిత్యపు బేరము దొరకును. పసుపు ధర పడిపోయిన యేట చిన్న రైతునకు ఆ దినవెచ్చమే ఆధారము. వంట మన పనియా యని వెనుదీయక, సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చింతురు గాక!