మూత తీసి చూడండి

హైదరాబాద్‌లో సాయంత్రం ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఏ బండి పక్కన నిలబడ్డా వినపడేది ఒకటే మాట: "నరకం రా బాబూ!" ఏసీ కారులో కూర్చున్నవాడూ అదే అంటాడు. ఇంటి ఓనరు అద్దె పెంచితే నరకం, మేనేజరు లీవు ఇవ్వకపోతే బతికుండగానే నరకం. కారుకు గీత పడితే "నీకు నరకం చూపిస్తా కొడకా". ఉర్దూలో తిట్టేవాడికి "జహన్నుమ్ మే జా" నాలుక చివరే ఉంటుంది. సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగినందుకు నరకమా? సిగ్గుండాలి మనకు.

నరకం ఎక్కడుందో నేను చెప్తా. 2021 ఆగస్టులో, ఇదే ఎల్‌బీ నగర్ పరిధిలో, సాహెబ్‌నగర్‌లో, రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి మనుషుల్ని దింపారు. ఇద్దరు చచ్చిపోయారు. అందులో ఒకరి శవం వెంటనే దొరకనే లేదు, వెతకాల్సి వచ్చింది. మురుగులో పుట్టే గ్యాస్ సంగతి తెలుసా మీకు? ముందు కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. గ్యాస్ ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. వాసన పోయింది, ఫర్వాలేదనుకునేలోపే మనిషి కూలిపోతాడు. వాణ్ణి పైకి లాగుదామని దిగిన రెండోవాడూ అక్కడే పడిపోతాడు. ఇలా దింపడం నేరమని 2013లోనే చట్టం వచ్చింది. చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో ఈ పని ఆపాలని 2025 జనవరిలో మళ్లీ ఆదేశించింది. చట్టం వచ్చి పదకొండేళ్లు దాటాక కూడా కోర్టు మళ్లీ అదే మాట చెప్పాల్సి వచ్చింది!

ఈ నరకాన్ని చూడకుండా సోఫాలో కూర్చుని "తురకోళ్ల మతమంతా నరకం పేరు చెప్పి భయపెట్టడమే" అని తేల్చేసే పెద్దమనిషీ, మీ ఇంట్లో ఎవరైనా పోతే గరుడ పురాణం చదివించలేదా? రౌరవం, కుంభీపాకం, వైతరణి మీవి కావా? అవతలివాళ్ల నరకాన్ని వెక్కిరించే ముందు అందులో ఎవరిని పడేస్తారో చూడండి. అవును, ఖురాన్ నరకంలో మంటలున్నాయి, సలసల కాగే నీళ్లున్నాయి, జఖ్ఖూమ్ చెట్టుంది, ఏడు ద్వారాలున్నాయి. మరి అక్కడికి పోయేది ఎవరు? తాను కొనేటప్పుడు నిండుగా కొలిపించుకుని, అమ్మేటప్పుడు తూకం తగ్గించేవాడికి శాపనార్థంతోనే 83వ సూరా (అధ్యాయం) మొదలవుతుంది. డబ్బు పోగేసి లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడి గతి 104వ సూరాలో ఉంది. ఎందుకొచ్చావిక్కడికి అని నరకంలో ఉన్నవాణ్ణి అడిగితే, నమాజు చేయలేదనే కాదు, పేదవాడికి అన్నం పెట్టలేదని కూడా ఒప్పుకుంటాడు. అన్నిటికంటే అట్టడుగు అంతస్తు ఎవరికో తెలుసా? కపటులకు. పైకి భక్తి, లోపల మోసం ఉన్నవాళ్లకు.

అంటే మీకు. నాకు. మనందరికీ.

ఈ సూరాలను మైకులో ఎంతమంది గొంతెత్తి చెప్తున్నారు? ఆడపిల్ల బట్టల మీద, పక్కింటివాడి విశ్వాసం మీద నరకం తీర్పులిచ్చే మౌల్వీ సాబ్, కూలీకి పూర్తి కూలి ఇవ్వని సేఠ్ ముందు నోరు విప్పండి చూద్దాం! మనుషుల్ని కులం పేరుతో దూరం పెట్టి, పుణ్యలోకాల గురించి ప్రవచనం చెప్పే స్వామీ, మీరూ అంతే. నరకమెప్పుడూ అవతలివాడికే అనుకునేవాళ్లు మీరిద్దరూ. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టినవాళ్లూ అలాగే అనుకున్నారు. ఒక్క అమాయకుణ్ణి చంపితే మనుషులందర్నీ చంపినట్టేనని అదే ఖురాన్ చెప్తున్నా, సాయంత్రం రద్దీలో ఇళ్లకు పోయే జనాన్ని ముక్కలు చేశారు. వాళ్లను తిట్టడం తేలిక, మనమంతా తిట్టాం. మరి సాహెబ్‌నగర్ కోసం ఎంతమంది తిట్టారు?

కోపమొస్తోందా? రావాలి. ఆ కోపంతోనే మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకు పొండి. సెప్టిక్ ట్యాంకులోకి మాస్కు లేకుండా, తాడు లేకుండా మనిషిని ఎవరు దింపుతున్నారో అడగండి. వీధిలో మ్యాన్‌హోల్ మూత తీసి, నడుము దాకా మనిషి దిగి కనపడితే బండి ఆపండి. మిషన్ ఏదని, కాంట్రాక్టర్ ఎవడని నిలదీయండి, 112కు ఫోన్ కొట్టండి. అలా దింపినవాడికి తొలి నేరానికే రెండేళ్ల దాకా జైలు శిక్ష వేయొచ్చని చట్టంలో రాసి ఉంది.