తిథీ, తారీఖూ

నాకు మతిమరుపు ఇవాళ్టిది కాదు. అంచేత మూడేళ్ళ కిందట కంప్యూటర్లో ఒక గుమాస్తాను కుదుర్చుకున్నాను. పేరు ఆర్గ్‌మోడ్. కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 2003లో, ఈమాక్స్ అనే రాతపనిముట్టులో ఇమిడేటట్టు దీన్ని తయారుచేశాడు. జీతంబత్తేలు లేవు. మామూలు అక్షరాల్లో పద్దు రాసిపెడితే చాలు. ఏ రోజు పనులు ఆ రోజు తీసి ముందు పెడుతుంది.

అయితే ఈ గుమాస్తా దగ్గర తారీఖులు మూడు రకాలు. కోణపు గుర్తుల మధ్య వట్టి తారీఖు వేస్తే, అది ఆ రోజున జరిగే విషయం. ఆ రోజు కనిపిస్తుంది, మర్నాడు మాయమవుతుంది. ముందు ‘షెడ్యూల్డ్’ అని చేరిస్తే, ఆ రోజున మొదలుపెట్టవలసిన పని. అయిందని మనం గుర్తుపెట్టేదాకా అప్పులవాడిలా రోజూ గుమ్మంలో నిలబడుతుంది. ‘డెడ్‌లైన్’ అంటే గడువు. మనం వేరే చెప్పకపోతే 14 రోజుల ముందునుంచే హెచ్చరిస్తుంది.

మొదట్లో నేను అన్నిటికీ షెడ్యూల్డే తగిలించాను. మేనకోడలి పెళ్ళయి పదిరోజులైనా ‘పెళ్ళికి వెళ్ళాలి’ అని రోజూ కనబడుతూనే ఉంది. మా ఆవిడ చూసి, “పిల్ల కాపరానికి కూడా వెళ్ళిపోయింది. మీరింకా బయల్దేరలేదా?” అంది.

అది నవ్వులతో పోయింది. రెండోది అలా పోలేదు.

2024 డిసెంబరులో నాన్నగారి ఆబ్దికం జరిపి, ఆ తారీఖుకి ‘ఏటా ఒకసారి’ అనే గుర్తు తగిలించి నిశ్చింతగా ఉన్నాను. 2025లో ఒక రాత్రి భోజనానికి కూర్చోబోతుంటే అమ్మ ఆపింది. “ఇవాళ రాత్రి నీకు ఫలహారమే కదురా! శాస్త్రులుగారికి కబురుచేశావా?” అంది.

“ఇంకా చాలా రోజులుందిగా అమ్మా!” అన్నాను.

అమ్మ మారుమాట్లాడకుండా పంచాంగం తెచ్చి నా ముందు పెట్టింది. మార్గశిర బహుళ పంచమి మర్నాడే!

గుమాస్తా తప్పేముంది? దానికి తారీఖు రాసిచ్చింది నేను. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. అంచేత తిథి మరుసటేడు దాదాపు 11 రోజులు ముందే వచ్చేస్తుంది. నడుమ అధికమాసం పడితే 19 రోజులు ఆలస్యమవుతుంది. తద్దినం తిథిని బట్టి వస్తుంది గాని తారీఖుని బట్టి రాదు.

శాస్త్రులుగారు దయతలిచారు. నువ్వులూ అరటికాయలూ ఆ రాత్రే సంపాదించాం. కార్యం జరిగింది. కాని సాయంత్రం అమ్మ, “మీ నాన్నగారు ఉగాదినాడే పంచాంగం తీసి మీ తాతగారి తిథి గుర్తుపెట్టుకునేవారు” అంది. ఆ ఒక్కమాటకీ నాకు జవాబు లేకపోయింది.

ఇప్పుడు పద్దు మార్చాను. ‘పంచాంగం చూసి నాన్నగారి తిథికి తారీఖు రాయాలి’ అన్నది ఏటా ఏప్రిల్ 15కి షెడ్యూల్డ్. అప్పటికి ఉగాది వెళ్ళిపోతుంది, కొత్త పంచాంగం ఇంట్లో ఉంటుంది. తద్దినానికి ఆ ఏటి వట్టి తారీఖు. శాస్త్రులుగారికి కబురు చెయ్యడానికి వారంరోజుల ముందు గడువు. మూడు రకాలూ దేని చోట అది కుదిరాయి.

“బాగానే ఉంది. మరి ఏప్రిల్లో పంచాంగం ఎవరు చూస్తారు, అదా?” అని అడిగింది అమ్మ.

“నేనే చూస్తానమ్మా” అన్నాను.