కెమెరా విద్యార్థి చేతికి
ఆదివాసీ విద్యార్థుల ఉన్నత విద్యానుభవాన్ని వారే తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా అధ్యయనం చేసే ‘ఫోటోవాయిస్’ పద్ధతి వివిధ దేశాల విశ్వవిద్యాలయాలలో ఆదరణ పొందుతున్నందున, మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కోసం 2011లో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయం కూడా దానిని చేపట్టడం అవసరం. 1990వ దశకంలో చైనాలోని యున్నాన్ గ్రామీణ మహిళలతో కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ రూపొందించిన ఈ పద్ధతిలో ఏది చూపాలో, దాని అర్థమేమిటో పరిశోధకుడు గాక అనుభవించేవారే నిర్ణయిస్తారు. స్థూల నమోదు నిష్పత్తి, అనగా 18-23 ఏళ్ల జనాభాతో పోల్చినప్పుడు ఉన్నత విద్యలో చేరినవారి శాతం, 2021-22లో దేశం మొత్తానికి 28.4 కాగా షెడ్యూల్డు తెగలలో 21.2 మాత్రమే. ఆ అంకె చేరికను లెక్కిస్తుందే తప్ప, ఇంట గోండీయో కోలామీయో మాట్లాడి తరగతిలో మరాఠీని, పుస్తకంలో ఇంగ్లీషును ఎదుర్కొనే విద్యార్థి మౌనాన్ని గానీ, ప్రవేశానికీ ఉపకార వేతనానికీ అడిగే ధ్రువపత్రాల కట్టను వసతిగృహపు ఇనుప పెట్టెలో భద్రంగా దాచుకునే ఆందోళనను గానీ చూపదు. పొరుగున ఆదిలాబాద్‌లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కాలం నుంచీ గోండులు ఇతరుల కెమెరాలకు కనిపించినవారే గనుక, ఈసారి చిత్రాలపై హక్కు విద్యార్థులదే కావాలి. చిత్రంలోని ప్రతి వ్యక్తి సమ్మతి తీసుకోవాలి, లోపాలను చూపినవారిపై కక్షసాధింపు లేకుండా పేర్లు గోప్యంగా ఉంచాలి, అన్నింటికన్నా ముఖ్యంగా, ఆ చిత్రాలు లేవనెత్తిన ప్రతి అంశానికీ విశ్వవిద్యాలయమూ గిరిజనాభివృద్ధి శాఖా నిర్ణీత గడువులో లిఖితపూర్వక సమాధానమిచ్చేలా అధ్యయనం ఆరంభానికి ముందే ఒప్పందం కుదరాలి.