కట్టినవారే వింటే...

బడి గంట కొడతారు. పిల్లలు వరుసలు కడతారు. బైరెడ్డిపల్లె బడిలోనైనా, బెజవాడ కాన్వెంటులోనైనా ‘జనగణమన’ మొదలవగానే కీచుగొంతులూ బొంగురుగొంతులూ ఒకటైపోతాయి. శ్రుతి సరిపోయిందా లేదా అని ఎవరూ చూడరు. పదిమంది కలిసి పాడటంలో ఉన్న సుఖమే అది!

మరి ఆ పాట కట్టినవారి సంగతేమిటి? ఇంట్లో కూనిరాగం తీసుకున్నంతసేపూ పాట తనది. నలుగురి నోట పడ్డాక? ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ పరుగెత్తిస్తారో అని గుబులు. ఎదురుగా కూర్చుని వినడం తప్ప చేయగలిగింది ఉండదు.

1971 సెప్టెంబరు 8న అమెరికాలో లెనార్డ్ బెర్న్‌స్టీన్ అలాగే కూర్చున్నారు. వాషింగ్టన్‌లోని కెనెడీ సెంటర్ ప్రారంభోత్సవంలో ఆయన స్వరపరచిన ‘మాస్’ తొలి ప్రదర్శన. చర్చిలో చేసే లాటిన్ ప్రార్థనకు రాక్‌నీ, బ్లూస్‌నీ జోడించారాయన. ఓ పక్క పిల్లల బృందగానం, మరోపక్క ఎలక్ట్రిక్ గిటార్లు! స్వయంగా పేరుమోసిన కండక్టర్ అయినా, ఆ రోజు బృందాన్ని నడిపించే పని మారిస్ పెరెస్‌కు అప్పగించి తాను శ్రోతగా మిగిలారు. విన్నవాళ్లలో మెచ్చుకున్నవారూ ఉన్నారు, తిట్టిపోసినవారూ ఉన్నారు.

దానికి అర్ధశతాబ్దం ముందే అలాంటి ముచ్చట మన మదనపల్లెలో జరిగింది. రాక్ లేదు, గిటార్లు లేవు. ఉన్నదల్లా కుర్రాళ్ల గొంతులే.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి, ఠాగూర్‌కు ఆప్తుడు. ఓ సాయంత్రం విద్యార్థులూ అధ్యాపకులూ చేరి పాటలు పాడుకుంటుంటే, తానూ పాడతానన్నారు రవీంద్రులు. ఎత్తుకున్నది ‘జనగణమన’. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో తొలిసారి వినిపించిన పాట అది.

మదనపల్లె కుర్రాళ్లకు బెంగాలీ ఎక్కడ వస్తుంది? మొదట భూగోళం పాఠం విన్నట్టే ఉందని కజిన్స్ తర్వాత రాసుకున్నారు. పల్లవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి చెవులూ నిక్కబొడుచుకున్నాయట. మళ్లీ మళ్లీ అడిగి పాడించుకున్నారు. కాసేపటికి అందరూ గొంతు కలిపేశారు!

ఇక్కడో విశేషం ఉంది. తన బాణీలను గాయకులు ఇష్టమొచ్చినట్టు మార్చడం ఠాగూర్‌కు గిట్టదు. ఈ విషయంలో దిలీప్ కుమార్ రాయ్ వంటి సంగీతజ్ఞులతోనే వాదించిన మనిషాయన. అలాంటివారు తన పాటను భాష కూడా తెలియని పిల్లల చేతిలో పెట్టారు. కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండ్‌లో సంగీతంలో డిగ్రీ చేసిన విదుషీమణి. ఆ బాణీకి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి సిద్ధం చేశారామె. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ పాటను ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఇంగ్లిషులో రాసిచ్చారు. కళాశాలకు అదే ప్రార్థనాగీతమైంది.

1950 జనవరి 24న రాజ్యాంగ సభలో ‘జనగణమన’ను జాతీయగీతంగా ప్రకటించారు. అప్పటికి ఠాగూర్ కన్నుమూసి ఎనిమిదేళ్లు దాటింది. జాతీయగీతంగా దాన్ని వినే భాగ్యం ఆయనకు దక్కలేదు. కానీ పదిమందీ పాడితే ఎలా ఉంటుందో మదనపల్లె కుర్రాళ్లు ఆయనకు ముందే వినిపించారు.

ఈసారి పుంగనూరు మీదుగా మదనపల్లె వెళ్లే పని పడితే, పిల్లలకు బీటీ కాలేజీని చూపించండి. ఆ సాయంత్రం సంగతి చెప్పండి. ఆగస్టు పదిహేనున జెండా ముందు నిలబడ్డప్పుడు పెదాలు కదిపి ఊరుకోకుండా వాళ్లతోపాటు మీరూ గొంతెత్తండి. శ్రుతి తప్పితే తప్పనివ్వండి. అంతా కలిపి 52 సెకన్లే!